నిన్నటి నుంచి ఏవి మారాయి? పార్టిషన్ చేసిన టేబుల్‌ని ఈ ప్రశ్న ఎలా అడగాలి

"మళ్లీ మూడు తగ్గాయండీ" అని రిపోర్టులు చూసే ఆవిడ మెసేజ్ పెట్టినప్పుడల్లా నాకు టెన్షన్ మొదలయ్యేది. ఆర్డర్ల టేబుల్‌లో మారిన రికార్డులను మాత్రమే గంటకోసారి తీసి రిపోర్టుల డేటాబేస్‌కి పంపే జాబ్ నేను రాసిందే. రోజూ వేలల్లో రికార్డులు సరిగ్గానే వెళ్లేవి. వారానికి ఒకటి రెండుసార్లు మాత్రం మూడో నాలుగో ఎటో మాయమయ్యేవి. ఎర్రర్ ఉండదు, లాగ్‌లో ఏమీ ఉండదు. మర్నాడు అదే గంట హద్దులు ఇచ్చి జాబ్‌ని చేత్తో నడిపితే ఆ మూడూ బుద్ధిగా వచ్చేసేవి. పట్టుకుందామంటే దొరకని తప్పు అది.

దాన్ని వెతుకుతూ నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. నేను వాడేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, కాబట్టి ఉదాహరణలు అందులోవే. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకు తేడా వచ్చే చోట చెబుతాను. కోడ్‌ని కూడా తెలుగులోనే చదివి చెబుతున్నాను, మీ ఎడిటర్‌లో మామూలుగా రాసుకోండి.

ముందు చూడాల్సింది క్వెరీని కాదు, టేబుల్‌ని ఏ కాలమ్ మీద ముక్కలు చేశారో అది. మా టేబుల్ క్రియేటెడ్_ఎట్ (ఆర్డర్ పుట్టిన టైము) మీద, నెలకో ముక్క, అంటే నెలకో పార్టిషన్ చొప్పున ఉంది. మూడేళ్ల డేటా, అంటే 36 పార్టిషన్లు. నేను అడిగే ప్రశ్న మాత్రం అప్‌డేటెడ్_ఎట్ (ఆఖరిసారి మారిన టైము) మీద: "గత గంటలో మారినవి ఇవ్వు". డేటాబేస్ అక్కర్లేని పార్టిషన్లను తీసి పక్కన పెట్టేయడాన్ని ప్రూనింగ్ అంటారు. ఏ కాలమ్ మీద ముక్కలు చేశారో ఆ కాలమ్ మీద షరతు ఉంటేనే అది జరుగుతుంది. గత గంటలో మారిన ఆర్డర్ నిన్నటిది కావచ్చు, రెండేళ్ల కిందటిది కూడా కావచ్చు కదా. అది తెలియని డేటాబేస్ 36 ముక్కల్లోనూ వెతుకుతుంది. టేబుల్‌ని పార్టిషన్ చేశాం కాబట్టి క్వెరీ వేగంగా ఉంటుందని నేను చాలాకాలం నమ్మాను. ఈ క్వెరీ విషయంలో అది నిజానికి కాస్త నెమ్మదించింది. ఒక ఇండెక్స్‌లో వెతకాల్సింది 36 ఇండెక్సుల్లో వెతుకుతోంది మరి.

మీ పరిస్థితి ఏమిటో ఎక్స్‌ప్లెయిన్ చెబుతుంది, క్వెరీని డేటాబేస్ ఎలా నడపబోతోందో చూపించే కమాండ్ అది. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టి నడిపితే ఏయే పార్టిషన్ల పేర్లు వస్తున్నాయో కనిపిస్తుంది. షరతులో నౌ() లాంటి ఫంక్షన్ ఉంటే పోస్ట్‌గ్రెస్ ప్లాన్ వేసేటప్పుడు కాకుండా, నడపడం మొదలుపెట్టేటప్పుడు ప్రూనింగ్ చేస్తుంది. అలాంటప్పుడు "సబ్‌ప్లాన్స్ రిమూవ్డ్" అని, పక్కన ఎన్ని తీసేసిందో అంకె వస్తుంది. ఈ సదుపాయం 2018లో వచ్చిన వెర్షన్ 11 నుంచి ఉంది. మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్లెయిన్‌లో పార్టిషన్స్ అనే కాలమే విడిగా ఉంటుంది, అందులో పేర్లు చూసుకోవచ్చు.

షరతు సరైన కాలమ్ మీదే ఉన్నా ప్రూనింగ్ జరగకపోతే, ఆ కాలమ్‌ని ఏదైనా ఫంక్షన్‌లో చుట్టారేమో చూడండి. డేట్(క్రియేటెడ్_ఎట్) = '2024-03-05' అని రాస్తే పోస్ట్‌గ్రెస్ చేతులెత్తేస్తుంది. అదే క్రియేటెడ్_ఎట్ >= '2024-03-05' అండ్ క్రియేటెడ్_ఎట్ < '2024-03-06' అని రాస్తే ఒక్క పార్టిషన్‌తో సరిపెడుతుంది. కాలమ్ ఒక పక్కన ఒంటరిగా ఉండాలి, లెక్కలన్నీ రెండో పక్కన పడాలి.

ఇక అసలు సమస్యకి వద్దాం: పార్టిషన్ ఒక కాలమ్ మీద, ప్రశ్న ఇంకో కాలమ్ మీద. కొత్తవాళ్లు మొదట అడిగేది, "అయితే అప్‌డేటెడ్_ఎట్ మీదే పార్టిషన్ చేస్తే పోలా?" అని. నేనూ అడిగాను. వద్దు. ఆ కాలమ్ మారుతూ ఉంటుంది కాబట్టి, మార్చిలో చివరిసారి మారిన రికార్డుని ఏప్రిల్లో ముట్టుకుంటే అది మార్చి ముక్కలోంచి డిలీట్ అయ్యి, ఏప్రిల్ ముక్కలో మళ్లీ ఇన్సర్ట్ అవ్వాలి. పైగా పోస్ట్‌గ్రెస్‌లోనూ మైఎస్‌క్యూఎల్‌లోనూ ప్రైమరీ కీలో పార్టిషన్ కాలమ్ తప్పనిసరిగా ఉండాలి. మారుతూ ఉండే టైముని ప్రైమరీ కీలో పెట్టుకుంటే, ఒకే ఆర్డర్ నంబరు రెండుసార్లు రాకుండా ఆపే దిక్కే ఉండదు.

నేను చేసింది రెండు పనులు. మొదటిది, ప్రతి పార్టిషన్‌లో (అప్‌డేటెడ్_ఎట్, ఐడీ) మీద ఇండెక్స్. ఖాళీ చేతులతో తిరిగొచ్చే పార్టిషన్‌లో కూడా ఇండెక్స్ వెతుకులాట నాలుగైదు పేజీలు చదివితే అయిపోతుంది. 36 సార్లు చదివినా పర్లేదు, టేబుల్ మొత్తం చదవడంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. నడుస్తున్న సిస్టమ్‌లో ఈ ఇండెక్స్ పెట్టేటప్పుడు జాగ్రత్త. పార్టిషన్లన్నిటికీ పైనుండే పేరెంట్ టేబుల్ మీద కాంకరెంట్లీ (రాతలు ఆపకుండా ఇండెక్స్ కట్టే పద్ధతి) పనిచేయదు. మామూలుగా పెడితే అది పూర్తయ్యేదాకా రాతలు ఆగిపోతాయి. కాబట్టి ముందు పేరెంట్ మీద "ఓన్లీ" అని పెట్టి ఖాళీ ఇండెక్స్ చేయండి. తర్వాత ఒక్కో పార్టిషన్ మీద కాంకరెంట్లీతో ఇండెక్స్ కట్టండి. ఆఖరికి ఒక్కోదాన్నీ ఆల్టర్ ఇండెక్స్, అటాచ్ పార్టిషన్‌తో పేరెంట్‌కి తగిలించండి. అన్నీ తగిలాకే పేరెంట్ ఇండెక్స్ వ్యాలిడ్ అవుతుంది. ఒకటి మర్చిపోతే ఊరికే ఇన్‌వ్యాలిడ్‌గా పడి ఉంటుంది, ఎవరూ మీకు చెప్పరు.

ఈ ఇండెక్స్ ఉచితంగా రాదు. ఇండెక్స్ ఉన్న కాలమ్ మారనంతవరకూ పోస్ట్‌గ్రెస్ అప్‌డేట్‌ని చవకగా చేసే ఉపాయం ఒకటుంది, దాన్ని హాట్ అప్‌డేట్ అంటారు. అప్‌డేటెడ్_ఎట్ ప్రతి అప్‌డేట్‌లోనూ మారుతుంది కాబట్టి దాని మీద ఇండెక్స్ పెట్టిన రోజు నుంచి ఆ టేబుల్‌కి ఆ ఉపాయం పోయినట్టే. సెకనుకు వేల అప్‌డేట్లు పడే టేబుల్ అయితే దీన్ని ముందే కొలుచుకోండి.

రెండో పని కోడ్ కాదు, ఒక ప్రశ్న. వ్యాపారం వైపు వాళ్లని "ఎన్ని రోజుల పాత ఆర్డర్ వరకు మారే అవకాశం ఉంది?" అని అడిగాను. రిటర్నులూ రీఫండ్లూ అన్నీ కలిపి 90 రోజులు అన్నారు. దాంతో గంటకోసారి నడిచే క్వెరీలో క్రియేటెడ్_ఎట్ >= నౌ() - ఇంటర్వల్ '100 డేస్' అనే షరతు అదనంగా పెట్టాను. ఆ పది రోజులు నా అనుమానానికి. 36 పార్టిషన్లు నాలుగో ఐదో అయ్యాయి. కానీ మనుషులు చెప్పిన నియమాన్ని డేటాబేస్ కాపలా కాయదు. ఎవరో ఒకరు ఏడాది కిందటి ఆర్డర్‌ని చేత్తో సరిచేస్తారు. అందుకని ఆ షరతు లేకుండా అన్ని పార్టిషన్లూ చూసే జాబ్ రాత్రికి ఒకసారి నడుస్తుంది.

మార్పులు మరీ ఎక్కువైతే మూడో దారి ఉంది. మారిన ప్రతిసారీ ఐడీ, క్రియేటెడ్_ఎట్, మారిన టైమూ మాత్రమే రాసే చిన్న లాగ్ టేబుల్ పెట్టి, దాన్ని మారిన టైము మీదే పార్టిషన్ చేయడం. అందులో రాసింది మళ్లీ మారదు, కాబట్టి పైన చెప్పిన గొడవేదీ రాదు. అక్కణ్నుంచి ఐడీ, క్రియేటెడ్_ఎట్ రెండూ పట్టుకుని పెద్ద టేబుల్‌కి వెళ్తే నేరుగా సరైన పార్టిషన్‌లో దిగుతారు. ఐడీ ఒక్కటే పట్టుకెళ్తే మళ్లీ 36 చోట్లా వెతుకులాటే. ఈ చిన్న విషయం నాకు ఒక పూట పట్టింది.

టైము హద్దుల గురించి కొంత. బిట్వీన్ వాడకండి. అది రెండు చివరలనూ కలుపుకుంటుంది. 10 నుంచి 11 ఒకసారి, 11 నుంచి 12 ఒకసారి అడిగితే సరిగ్గా 11 గంటలకు మారిన రికార్డు రెండుసార్లు వస్తుంది. దాన్ని తప్పించుకోడానికి 10:59:59 అని రాసేవాళ్లున్నారు. పోస్ట్‌గ్రెస్ టైము మైక్రోసెకను వరకు ఉంటుంది, ఆ చివరి సెకనులోపల మారినవన్నీ గల్లంతవుతాయి. మొదలు కలుపుకుని చివర వదిలేయండి: >= ఇటు, < అటు. పార్టిషన్ హద్దులు కూడా పోస్ట్‌గ్రెస్‌లో ఇలాగే ఉంటాయి, ఫ్రమ్ లోపలికి, టూ బయటికి. టైమ్‌జోన్‌తో ఉన్న టైమ్‌స్టాంప్ రకమే వాడండి, క్వెరీలో రాసే టైములకు జోన్ కూడా రాయండి. రాయకపోతే ఆ సెషన్‌లో ఏ జోన్ ఉంటే అదే అనుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఒకటి, సర్వర్‌లో జాబ్ నడిచేటప్పుడు ఇంకొకటి అవుతుంది.

ఎక్కువ రికార్డులుంటే వెయ్యి చొప్పున తీస్తాం కదా, అక్కడా ఒక గుంట ఉంది. ఆఫ్‌సెట్ (మొదటి ఇన్ని వదిలేసి ఇవ్వు అనడం) వాడితే మీరు రెండో పేజీ అడిగేలోపు మొదటి పేజీలోది ఒకటి మళ్లీ మారి చివరికి పోతుంది, మిగతావన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి, ఒకటి మీ కళ్లుగప్పి జారిపోతుంది. ఆఖరున చూసిన టైము కంటే పెద్దవి ఇవ్వు అంటే ఇంకో తంటా. పోస్ట్‌గ్రెస్‌లో నౌ() అంటే ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి ఒకేసారి ఖాయమయ్యే మార్పుల గుంపు) మొదలైన టైము. ఒకే ట్రాన్సాక్షన్‌లో ఐదు వేల ఆర్డర్లకు స్టేటస్ మారిస్తే ఐదు వేలకూ మైక్రోసెకనుతో సహా ఒకే అప్‌డేటెడ్_ఎట్ పడుతుంది. వెయ్యి తీసుకుని "దీనికంటే పెద్దవి" అంటే మిగతా నాలుగు వేలూ పోయాయి. "సమానమైనవి కూడా" అంటే అదే వెయ్యి మళ్లీ మళ్లీ వస్తాయి. అందుకే ఇండెక్స్‌లో ఐడీ కూడా పెట్టింది. షరతు ఇలా రాయాలి: (అప్‌డేటెడ్_ఎట్, ఐడీ) > (చివరి టైము, చివరి ఐడీ), ఆర్డర్ బై కూడా ఆ రెంటి మీదే, లిమిట్ 1000. ఇలా రాస్తే పోస్ట్‌గ్రెస్ ఒక్కో పార్టిషన్ ఇండెక్స్ నుంచి వరుసగా తీస్తూ కలుపుకుంటూ పోతుంది, వెయ్యి అవ్వగానే ఆపేస్తుంది. ఎక్స్‌ప్లెయిన్‌లో మెర్జ్ అపెండ్ అని కనిపిస్తే పని సవ్యంగా జరుగుతున్నట్టు. దాని బదులు పైన సార్ట్ అని కనిపిస్తే ఏదో పార్టిషన్‌లో ఇండెక్స్ లేదేమో చూడండి.

ఇవన్నీ సరిచేశాక కూడా ఆవిడ మెసేజ్ వచ్చింది. ఈసారి రెండు.

ఆ రెండిటినీ పట్టుకుని కూర్చున్నాను. అప్‌డేటెడ్_ఎట్ 10:58 అని ఉంది. నా జాబ్ 11:00కి నడిచింది. రావాలి కదా? ఆ ఆర్డర్లను మార్చిన ప్రోగ్రాం లాగ్ తీస్తే తెలిసింది, అది ట్రాన్సాక్షన్ మొదలుపెట్టింది 10:58కి, కమిట్ చేసింది, అంటే మార్పులు ఖాయం చేసింది 11:03కి. మధ్యలో బయటి సర్వీస్ ఏదో జవాబివ్వక వేచి చూసింది. రికార్డు మీద ముద్రపడిన టైము 10:58. నాకు కనిపించడం మొదలైంది 11:03. 11:00కి నేను అడిగినప్పుడు అది ఇంకా కమిట్ కాలేదు, కాబట్టి కనపడలేదు. 12:00కి నేను అడిగింది 11:00 తర్వాత మారినవాటిని, కాబట్టి అప్పుడూ రాలేదు. మర్నాడు చేత్తో నడిపితే ఎందుకొచ్చేవో అప్పుడు అర్థమైంది. నౌ() బదులు ఆ క్షణపు టైమిచ్చే క్లాక్_టైమ్‌స్టాంప్() వాడినా ఈ జబ్బు తగ్గుతుందే గానీ పోదు. రాసిన క్షణానికీ కమిట్ అయిన క్షణానికీ ఎప్పుడూ ఎడం ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే కథ.

చాలామంది చేసేది ప్రతిసారీ కొంచెం వెనక్కి వెళ్లి చదవడం. 11:00 నుంచి కాకుండా 10:50 నుంచి అడుగుతారు. వచ్చినవాటిని గుడ్డిగా ఇన్సర్ట్ చేయకుండా, ఉంటే అప్‌డేట్, లేకపోతే ఇన్సర్ట్ అనే పద్ధతిలో రాస్తే రెండుసార్లు వచ్చినా నష్టం లేదు. సులువైన మందు, నేనూ ముందు ఇదే వాడాను. కానీ పది నిమిషాలే ఎందుకు? పదకొండు నిమిషాల ట్రాన్సాక్షన్ వస్తే? ఈ అంకెని ఊహించి పెట్టడం నాకు నచ్చలేదు.

ఊహించక్కర్లేదు, డేటాబేస్‌నే అడగొచ్చు. పీజీ_స్టాట్_యాక్టివిటీ అనే వ్యూలో ఎక్సాక్ట్_స్టార్ట్ (స్పెల్లింగ్ xact_start) అనే కాలమ్‌లో ప్రస్తుతం తెరిచి ఉన్న ప్రతి ట్రాన్సాక్షన్ ఎప్పుడు మొదలైందో ఉంటుంది. మీ డేటాబేస్‌కి సంబంధించినవాటిలో అన్నిటికంటే పాతది తీసుకోండి. అదే మీ పై హద్దు. దానికంటే ముందు టైము ముద్రతో ఇంకా కమిట్ కాకుండా మిగిలినవి ఉండవు. అక్కడిదాకానే చదివి, ఆ టైమునే గుర్తుపెట్టుకుని, తర్వాతిసారి అక్కణ్నుంచి మొదలుపెట్టండి. వరస ముఖ్యం: ముందు హద్దు తీసుకోవాలి, ఆ తర్వాత వేరే స్టేట్‌మెంట్‌గా రికార్డులు చదవాలి. తలకిందులుగా చేస్తే చదివిన తర్వాత, హద్దు తీసుకునేలోపు కమిట్ అయినవి మళ్లీ జారిపోతాయి. ట్రాన్సాక్షన్ మొదలవడానికీ ఆ వ్యూలో కనిపించడానికీ మధ్య వెంట్రుకవాసి ఎడం ఉంటుంది కాబట్టి హద్దులోంచి ఇంకో ఐదు సెకన్లు తీసేస్తాను.

దీనికి కొన్ని మెలికలున్నాయి. మీ జాబ్ యూజర్‌కి పీజీ_మానిటర్ లాంటి రోల్ లేకపోతే ఇతరుల ట్రాన్సాక్షన్ల టైము ఖాళీగా కనిపిస్తుంది, హద్దు తప్పుగా వస్తుంది. రెప్లికాలో (నకలు సర్వర్‌లో) ఈ వ్యూ చూస్తే ప్రైమరీలో (అసలు సర్వర్‌లో) నడుస్తున్నవి కనపడవు. టూ ఫేజ్ కమిట్ (ముందు సిద్ధం చేసి, తర్వాత విడిగా ఖాయం చేసే పద్ధతి) వాడేవాళ్లు పీజీ_ప్రిపేర్డ్_ఎక్సాక్ట్స్ కూడా చూడాలి. అలాగే ఎవరైనా ట్రాన్సాక్షన్ తెరిచి భోజనానికి వెళ్లిపోతే మీ హద్దు అక్కడే ఆగిపోతుంది. అది నాకు ఇష్టమే. రికార్డులు చడీచప్పుడు లేకుండా పోవడం కంటే జాబ్ ఆలస్యమై అలారం మోగడం మేలు. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ టైమౌట్ పెడితే అలాంటివాళ్ల సెషన్లు వాటంతటవే తెగిపోతాయి.

టైములతో ఈ పేచీలన్నీ వద్దనుకుంటే లాజికల్ డీకోడింగ్ ఉంది, పోస్ట్‌గ్రెస్ 9.4 నుంచి. డేటాబేస్ తన కోసం రాసుకునే మార్పుల లాగ్‌నే చదివి ఇచ్చే పద్ధతి అది. మార్పులు కమిట్ అయిన వరుసలోనే వస్తాయి, డిలీట్లు కూడా వస్తాయి. దాన్ని చూసుకునే మనిషి ఉంటే అదే మంచిది. చదివేవాడు ఆగిపోతే సర్వర్‌లో ఆ మార్పుల లాగ్ ఫైళ్లు పేరుకుపోయి డిస్క్ నిండుతుంది కాబట్టి, మనిషి లేకపోతే దాని జోలికి పోవద్దనే చెబుతాను.

ఇంతకీ అప్‌డేటెడ్_ఎట్‌లో టైము ఎవరు రాస్తున్నారు? అప్లికేషన్ రాస్తుంటే పైన చెప్పిన హద్దు లెక్క చెల్లదు. రెండు సర్వర్ల గడియారాలు కలవవు, పైగా ఎవరో చేత్తో నడిపిన అప్‌డేట్‌లో ఆ కాలమే ఉండదు. బిఫోర్ అప్‌డేట్ ట్రిగ్గర్‌తో (ప్రతి అప్‌డేట్‌కీ ముందు తనంతట తానే నడిచే చిన్న కోడ్‌తో) డేటాబేస్ చేతే రాయించండి. పార్టిషన్ చేసిన పేరెంట్ టేబుల్ మీద రో స్థాయి బిఫోర్ ట్రిగ్గర్ పెట్టనివ్వడం వెర్షన్ 13 నుంచే. అంతకుముందు వెర్షన్లలో ఒక్కో పార్టిషన్ మీదా విడిగా పెట్టాలి, కొత్త నెల పార్టిషన్ చేసే స్క్రిప్టులో దీన్ని మర్చిపోతారు, నేను మర్చిపోయాను. ఇన్సర్ట్‌కి డీఫాల్ట్‌గా నౌ() చాలు. మైఎస్‌క్యూఎల్‌లో ఆన్ అప్‌డేట్ కరెంట్_టైమ్‌స్టాంప్ అని కాలమ్‌కే రాసుకోవచ్చు.

డిలీట్ చేసినవి మాత్రం ఈ క్వెరీలో ఎప్పటికీ రావు, లేని రికార్డుకి అప్‌డేటెడ్_ఎట్ ఎక్కడుంటుంది? డిలీటెడ్_ఎట్ కాలమ్ పెట్టి గుర్తు వేయడమో, డిలీట్ ట్రిగ్గర్‌తో ఐడీలను వేరే టేబుల్‌లో రాయడమో చేయాలి. పాత పార్టిషన్‌ని డ్రాప్ చేసినా డిటాచ్ చేసినా ఏ రో ట్రిగ్గరూ పేలదు. రిపోర్టుల వైపు ఆ నెల అలాగే ఉండిపోతుంది, ఉండాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి.

చివరగా, రోజుకోసారి రెండు డేటాబేసుల్లో పార్టిషన్ వారీగా ఎన్ని రికార్డులు, మొత్తం సొమ్ము ఎంత, పెద్ద అప్‌డేటెడ్_ఎట్ ఏది అని పోల్చే చిన్న జాబ్ ఒకటి పెట్టాను. రెండు వైపులా ఒకే హద్దు టైము దాకా లెక్కపెట్టాలి, లేకపోతే ఎప్పుడూ తేడానే చూపిస్తుంది. అది నెలల తరబడి ఏమీ అనలేదు. ఒకరోజు ఏడాది కిందటి పార్టిషన్‌లో మొత్తం సొమ్ము తేడా చూపించింది, రికార్డుల సంఖ్య మాత్రం సరిపోయింది. చూస్తే ఎవరో డేటా సరిచేసే స్క్రిప్టు వేగంగా అవ్వాలని సెషన్_రెప్లికేషన్_రోల్‌ని రెప్లికా అని మార్చి నడిపారు. అలా మారిస్తే మామూలు ట్రిగ్గర్లేవీ నడవవు. సొమ్ము మారింది, అప్‌డేటెడ్_ఎట్ మారలేదు. ఆవిడ మెసేజ్ పెట్టకముందే ఆ ఒక్క పార్టిషన్‌ని మొత్తం మళ్లీ పంపించాను.